గోడమ్మ నేర్చుకున్న మాట

రోహిణి కార్తె, మొదట్లో

రోజూ పని అయ్యాక దినచర్య చెప్పాలని ఈ ఇంటి నియమం. చేత్తో రాయక్కర్లేదు. గోడ వైపు తిరిగి మాట్లాడితే చాలు, గోడే రాసుకుంటుంది. తేదీ చెప్పమంది. నాకు తేదీలు గుర్తుండవు, కార్తెలే గుర్తుంటాయి, అలాగే రాసుకో అన్నాను. మారు మాట్లాడకుండా రాసుకుంది. దీనికి కోపం రాదు, అందుకే దీనితో కొట్లాడినా కడుపు నిండదు.

నా పేరు దాలమ్మ. ఎగువమెట్ట పిల్లల ఇంట్లో పిల్లల్ని సాకడం నా ఉద్యోగం. అందుకు రెండేళ్ళు చదివి పరీక్ష పాసయ్యాను కాబట్టి ఎవరైనా ఆయా అని పిలిస్తే పలకను. పిల్లలు మాత్రం అత్త అంటారు, దానికి పలుకుతాను. నిరుడు కార్తీకంలో కెరటం మింగేసిన ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలు వీళ్ళంతా. ఒక్కరికీ ఆరేళ్ళు నిండలేదు.

వాళ్ళకోసమే ఈ ఇంటికి ఇన్ని కట్టుబాట్లు. నీళ్ళు పారే చప్పుడు వినపడకూడదు, కాబట్టి స్నానం ఆవిరి గదిలో. పైన మూగ కప్పు ఉంది, దానిమీద బండ పడినా లోపలికి చీమ చిటుక్కుమన్నట్టు కూడా ఉండదు. చేప వండకూడదు. వాన, సముద్రం, కెరటం అన్న మాటలు పిల్లల ముందు ఎత్తకూడదు. ఈ చివరిది పైవాళ్ళు పెట్టింది కాదు, మేం పెట్టుకున్నదే. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, చెడుమాట అన్నామంటే తథాస్తు అనేసి పోతారని మా వంటాయన గౌరీసు మావ అంటాడు. నేనూ చిన్నప్పట్నుంచి అదే విన్నాను, అదే నమ్ముతాను.

ప్రతి పిల్ల ముంజేతికీ ఒక పట్టీ ఉంటుంది. గుండె దడ హెచ్చిందంటే ఆ పిల్ల పేరున గోడమీద దీపం ఎర్రబడుతుంది. వెంటనే గోడ మెత్తగా, పక్కన కూచున్న తల్లిలాగా, "ఏం కాదు కన్నా, ఏం కాదు" అంటుంది. ఆ గొంతుకే పిల్లలు గోడమ్మ అని పేరు పెట్టారు.

ఇవాళ నూకాలు మళ్ళీ బట్టల బీరువా ఎక్కింది. దానికి అయిదేళ్ళు. ఎక్కడమొక్కటే అయితే నేను పట్టించుకోను, కోతిపిల్ల అనుకుని కింద పరుపు వేస్తాను. కానీ అది మూడేళ్ళ తమ్ముడు పోలిగాణ్ణి కూడా మెడ దగ్గర చొక్కా పట్టుకుని పైకి ఈడుస్తుంది. వాడికి ఊపిరాడక మొహం కమిలిపోతుంది. దించబోతే కరుస్తుంది. నా మోచేతి మీద పళ్ళ గాట్లున్నాయి, చూడు. నువ్వెలా చూస్తావులే.

రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ

అనుకున్నంతా అయింది. గాలికి తలుపు దబ్బున కొట్టుకుంది. నూకాలు దీపం ఎర్రబడింది. గోడమ్మ ఓదార్చింది, నేనూ వెనకాలే ఓదార్చాను. ఇంతలోనే అది తమ్ముణ్ణి లాక్కుని బీరువా మీదికి పోయింది. చొక్కా చిరిగి పోలిగాడు పైనుంచి పడ్డాడు. పెదవి చిట్లి నోరంతా రక్తం. అంతకంటే నేను చూడలేకపోయింది నూకాల్ని. పైనుంచే చెయ్యి కిందికి చాపి, వాడి చొక్కా గుడ్డపీలిక గుప్పిట్లో పట్టుకుని, నోరు తెరిచి ఉంది గానీ ఏడుపు రావడం లేదు.

సాయంత్రం డాక్టరమ్మ కింద ఆసుపత్రినుంచి తీగబండిలో కొండపైకి వచ్చింది. కౌముది ఆవిడ పేరు. చిన్నవయసే, తొందరపడి మాట్లాడదు. పోలిగాడికి మందు రాసి, నన్ను పక్కకి పిలిచి చెప్పింది. ఒక పిల్లవల్ల ఇంకో పిల్లకి దెబ్బ తగిలితే ఇద్దర్నీ ఒక చోట ఉంచకూడదని నియమం. నూకాల్ని దూరపు గట్టు మీది ఇంటికి పంపాల్సి వస్తుంది. అక్కడ వారాల తరబడి నిద్రపుచ్చి వైద్యం చేస్తారు. పోలిగాడు ఇక్కడే ఉంటాడు.

వాళ్ళ ఊళ్ళో మిగిలింది ఆ ఇద్దరే కదమ్మా అన్నాను. ఆవిడకీ తెలుసు. అందుకే ఆరుద్ర కార్తె దాకా గడువు అడిగి తెచ్చిందట. కానీ ఆరుద్రతో ఇంకో తంటా ఉంది. మబ్బులు పట్టాక ఎండ కరెంటు చాలదు, ఉన్నదంతా ఆసుపత్రికి పోతుంది, మా మూగ కప్పు ఆపేస్తారు. మొదటి వాన ఈ పిల్లలంతా వినాల్సిందే. ఆ వానకి నూకాలు మళ్ళీ తమ్ముణ్ణి ఈడ్చిందంటే, ఇక ఆవిడ చేతిలో కూడా ఏం లేదు.

ఆవిడ వెళ్ళాక గౌరీసు మావ మీద ఊరికే కేకలేశాను. పప్పులో ఉప్పు సరిగానే ఉంది. నాకే భయం వేసింది.

మృగశిర కార్తె వచ్చింది, చినుకు లేదు

ఈ రోజు చూసింది చూసినట్టు రాసుకో, మెత్తబెట్టకు.

మధ్యాహ్నం బల్లకింద పిల్లలు గుసగుసలాడుతూ ఆడుకుంటున్నారు. ఆ ఆట నాకు తెలుసు. ఒకరు అమ్మ అవుతారు, ఒకరు బిడ్డ అవుతారు, తర్వాత అందరూ "వచ్చీసింది" అని అరిచి బల్లలెక్కుతారు. ఎప్పుడు మొదలుపెట్టినా నేనో గౌరీసు మావో అపశకునపు ఆటలు వద్దని చెదరగొట్టి, చేతిలో బెల్లంముక్క పెట్టి పంపేసేవాళ్ళం. ఇవాళ నా నడుం పట్టేసి లేవలేకపోయాను. అందువల్ల ఆట మొదట్నుంచి చివరిదాకా చూశాను. ఇన్నాళ్ళలో ఇదే మొదటిసారి.

నూకాలు అమ్మ. దిండు బిడ్డ. దిండుని ఒళ్ళో వేసుకుని జోకొడుతూ, అచ్చం పెద్దమనిషి గొంతుతో, "ఏం కాదు నాన్నా, ఏం కాదు, తొంగో" అంది. రెండోసారి ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో మిగతా పిల్లలంతా లేచి పరుగు. దిండు మాత్రం నేలమీద ఉండిపోయింది.

నడుం నొప్పి ఎటు పోయిందో తెలీదు. పాక్కుంటూ బల్లకిందికి వెళ్ళి నూకాల పక్కన కూచున్నాను. అమ్మ ఏమందని అడిగాను. అడక్కూడని మాటే అడిగాను, తథాస్తు దేవతలు ఏమైనా అనుకోనీ. అది నావైపు చూడకుండా దిండుని సర్దుతూ చెప్పింది.

"ఏం కాదంటే అయిపోద్ది అత్తా."

మరేమనాలి అమ్మడూ అన్నాను.

"వస్తే వస్తాదని సెప్పాల. అప్పుడు నాను ముందే ఎక్కుతాను కదా, తమ్ముణ్ణి ఒట్టుకుని."

అదీ సంగతి. ఆ రోజు తల్లి ధైర్యం చెప్పింది. ఏ తల్లయినా అదే చెబుతుంది, నేనైనా అదే చెప్పేదాన్ని. ఆ మాట అయ్యీ అవకముందే నీళ్ళు గుమ్మం దాటాయి. అప్పట్నుంచి ఈ పిల్లకి ఆ మాటంటే ధైర్యం కాదు. ఆ మాటంటే నీళ్ళు వస్తున్నాయని. మేమేమో ఈ ఇంట్లో పొద్దున లేచింది మొదలు అదే మాట. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఏం కాదు, సూది వేస్తే ఏం కాదు, కలొస్తే ఏం కాదు. పైగా గోడమ్మకి కూడా అదే నేర్పారు.

నీ తప్పు కాదులే. రాసుకో.

మృగశిర కార్తె, మర్నాడు

ఆ మాట మానెయ్యాలని పొద్దున్నే గౌరీసు మావతో చెప్పాను. అదెంత పని, ఇప్పుడే మానేశాను అన్నాడు. ఆ మాట అంటూండగానే ఒకడి చేతిలో గిన్నె జారింది, ఈయన నోట్లోంచి "ఏం కాదురా" ఊడిపడింది. నవ్వబోయాను. ఇంకాసేపటికి నేనూ అనేశాను. మన నోళ్ళు అలా పాడయిపోయాయి. పుట్టగానే ఉగ్గుతోపాటు పోశారేమో ఈ మాటని.

అప్పుడు పిల్లల్ని పిలిచి కొత్త చట్టం చెప్పాను. ఈ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఆ మాట అంటే చెవులు పట్టుకుని గుంజీలు తియ్యాలి. పట్టుకునేది పిల్లలు, లెక్కపెట్టేది పిల్లలు. వాళ్ళు ముందు నమ్మలేదు. గౌరీసు మావ బొజ్జతో మొదటి గుంజీలు తీశాక నమ్మారు. అరవయ్యేళ్ళ మనిషిని గుంజీలు తీయించినప్పుడు పిల్లల మొహాల్లో వచ్చే కాంతి ఏ మందుతోనూ రాదు. సాయంత్రానికి నా మోకాళ్ళు నావి కావు. నూకాలు మా ఇద్దరి వెనకాలే పోలీసులాగా తిరుగుతోంది, మా నోళ్ళకేసి చూస్తూ.

కానీ గోడమ్మ చేత గుంజీలు తీయించడం ఎలా? దాని మాట మార్చే తాళం నా దగ్గర లేదు. మధ్యాహ్నం ఎవడో పళ్ళెం పడేశాడు, గోడమ్మ తన పాట అందుకుంది, నూకాలు తమ్ముణ్ణి పట్టుకుని బీరువా సగం ఎక్కేసింది. ఈసారి నేను మధ్యలో అడ్డం పడ్డాను. ఇంకో పళ్ళ గాటు. ఎక్కువ రోజులు ఇలా అడ్డం పడలేను.

మృగశిర కార్తె, సగం అయ్యాక

డాక్టరమ్మని రమ్మని కబురు పెడితే వచ్చింది. ఆట గురించి చెప్పాను, నూకాలు అన్న మాట చెప్పాను. ఆవిడ విని పట్టీల లెక్కలన్నీ గోడమీద తెప్పించి చూసింది. ఒక్కొక్కటే వేలితో జరుపుతూ చూసింది. దీపం ఎర్రబడటం, గోడమ్మ మాట్లాడటం, ఆ తర్వాతే బీరువా. దీపం ఎర్రబడినప్పుడు ఈ పిల్ల గడ్డకట్టినట్టు నిలబడుతోంది, అంతే. మాట వినపడ్డాకే కాళ్ళు కదులుతున్నాయి. ఇన్నాళ్ళూ ఆ లెక్కలు ఆవిడా చూసింది, నేనూ చూశాను. ఓదార్పు కూడా భయపెడుతుందని ఎవరనుకుంటారు?

"ఆ మాట పెట్టింది నేనే దాలమ్మగారూ," అంది. "మా నాన్నమ్మ అనేది. నాకది వింటే నిద్ర పట్టేది."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే నేను కిటికీలోంచి బయటికి చూశాను. తర్వాత ఇద్దరం వాదులాడుకున్నాం. వస్తే వస్తుందని చెప్పాలంటే, వాన అన్న మాట పిల్లల ముందు అనాలి కదా అని నా భయం. నేను తథాస్తు దేవతల సంగతి ఎత్తితే ఆవిడ నవ్వలేదు. మనం చెప్పకపోయినా వాన వస్తుంది, చెప్పకుండా వచ్చిందే వీళ్ళని ఇలా చేసింది, అంది. ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పింది. వట్టి మాటలు చాలవట. వాన ఆగమంటే ఆగుతుందని పిల్లలకి ఒక్కసారైనా తెలియాలట. మేఘాలు మన మాట వినవు కదా అంటే, చిన్న వాన చేద్దాం, దాన్ని వాళ్ళ చేతికిద్దాం అంది.

గౌరీసు మావ వాకిట్లో నాలుగు కర్రలు పాతి పాత రేకు ఒకటి కప్పాడు. రేకు మీదికి నిచ్చెన, నిచ్చెన మీద జల్లెడ, చెంబు, పక్కన నీళ్ళ బిందె. ఒక పిల్ల మేఘం పెద్ద. మేఘం పెద్ద పొయ్యమంటే మావ పోస్తాడు, ఆగమంటే ఆగుతాడు, చిన్నగా అంటే చిన్నగా. మిగతావాళ్ళు రేకు కింద కూచోవచ్చు, దూరంగానైనా ఉండవచ్చు.

మొదటిరోజు ఎవరూ రేకు కిందికి రాలేదు. నూకాలు వాకిట్లోకే రాలేదు, గుమ్మం వెనకనుంచి ఒక కన్నుతో చూసింది. అయినా వెళ్ళేముందు డాక్టరమ్మ దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని, గోడమ్మ ఇక మీదట ఏమనాలో నువ్వే చెప్పు అని అడిగింది. అది చాలాసేపు ఆలోచించి చెప్పింది. ఏటొస్తందో సెప్పాల. ఎంత సప్పుడవుద్దో సెప్పాల. ఎవులు దగ్గరున్నారో సెప్పాల. అంతే. డాక్టరమ్మ ఆ మూడూ గోడమ్మకి నేర్పింది.

మృగశిర కార్తె, చివర్లో

ఇవాళ నూకాలు మేఘం పెద్ద అయింది.

నాలుగు రోజులు గుమ్మం దగ్గరే ఉండి, ఇవాళ తనంతట తనే వచ్చి నా చీర కొంగు లాగింది. తమ్ముణ్ణి గుమ్మంలో కూచోబెట్టి కదలొద్దని వేలు చూపించింది. రేకుకింద నిలబడి, పిడికిళ్ళు బిగించి, పొయ్యమంది. నాలుగు చినుకులు పడ్డాయో లేదో ఆపమంది. మావ ఆపాడు. మళ్ళీ పొయ్యమంది. ఆపమంది. గౌరీసు మావ చెయ్యి పడిపోయింది పాపం, బిందె ఖాళీ అయింది, అది మాత్రం వదల్లేదు. ఆపమన్న ప్రతిసారీ ఆగుతుందా అని చూస్తోంది. ఆగిన ప్రతిసారీ దాని భుజాలు కాస్త కిందికి దిగుతున్నాయి. చివరికి మావ వైపు తలెత్తి, పెద్దగా పొయ్యి మావా అంది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఎందుకాపుకోవాలి.

మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంటారు. ఈసారి కురవలేదు గానీ ముసలి గౌరీసు మావ వంటింట్లో పాట పాడుతున్నాడు. రేపట్నుంచి మూగ కప్పు ఆగిపోతుంది.

ఆరుద్ర కార్తె, వాన పడిన రోజు

మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలు పడుకోబోతుంటే గోడమ్మ మాట్లాడింది. పడమటి గట్టు మీద మబ్బు పట్టిందని, కాసేపట్లో వాన వస్తుందని, కప్పు మీద పెద్ద చప్పుడవుతుందని, ఉరుము కూడా ఉండొచ్చని, దాలమ్మత్త, గౌరీసు మావ ఇక్కడే ఉన్నారని చెప్పింది. పిల్లలందరూ నా మొహంకేసి చూశారు. నిజమే, వస్తోంది అన్నాను. నూకాలు తమ్ముడి చెయ్యి పట్టుకుంది. చొక్కా కాదు, చెయ్యి.

ముందు నాలుగు చినుకులు. తర్వాత మొత్తం కప్పంతా ఒకటే మోత. నిజం వాన చప్పుడు నేనూ ఈ ఇంటికి వచ్చాక వినలేదు. ఇంత పెద్దదని మర్చిపోయాను. ఇద్దరు పిల్లలు చెవులు మూసుకున్నారు, ఒకడు గౌరీసు మావ బొజ్జలో మొహం దాచుకున్నాడు. గోడమీద దీపాలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. గోడమ్మ మాత్రం వాన చప్పుడు ఇంకా పెరుగుతుందని చెబుతూనే ఉంది.

అప్పుడు ఉరిమింది. ఇల్లంతా అదిరేలా ఉరిమింది. పోలిగాడు కెవ్వుమన్నాడు. నా నోరు, నలభయ్యేళ్ళ నా పాపిష్టి నోరు, నన్నడక్కుండానే తెరుచుకుంది.

"ఏం కాదు, ఏం కాదు నాన్నా!"

నాలుక కరుచుకున్నాను గానీ అప్పటికే అయిపోయింది. నూకాలు బీరువా దగ్గరుంది. ఒక కాలు కింది అర మీద ఉంది. చేతిలో తమ్ముడి చొక్కా మెడ ఉంది. దూరపు గట్టు కళ్ళముందు కనపడింది నాకు. ఇంతా చేసి ఈ బిడ్డని నా నోటితోనే పంపించేస్తున్నాను అనుకున్నాను. అడ్డం పడబోయాను.

అది వెనక్కి తిరిగి నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"అత్తా," అంది. "గుంజీలు."

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత చెవులు పట్టుకున్నాను. వాన పడుతూనే ఉంది, ఉరుముతూనే ఉంది, నేను గుంజీలు తీస్తూనే ఉన్నాను. మోకాళ్ళు కటకటమంటున్నాయి. నూకాలు అరమీద కాలు అలాగే ఉంచి లెక్కపెడుతోంది. అయిదు తర్వాత దానికి లెక్క రాదు, మళ్ళీ ఒకటి. మిగతా పిల్లలు చెవులమీంచి చేతులు తీసి దానితో కలిశారు. ఏ తప్పూ చెయ్యని గౌరీసు మావ కూడా నా పక్కన నిలబడి బొజ్జ పట్టుకుని మొదలుపెట్టాడు. పోలిగాడు ఏడుస్తూ ఏడుస్తూ వెక్కిళ్ళ మధ్యలో నవ్వాడు.

తర్వాత వాడు అక్కని అడిగాడు, నీళ్ళొత్తాయా అని. అక్క నన్ను చూసింది. దానికి ఇప్పుడు నా మాట కావాలి. నిజం మాట కావాలి. నేను ఊపిరి తీసుకుని నేలమీద కూచున్నాను.

"వాకిట్లోకి నీళ్ళొస్తాయి. వచ్చి గట్టు కిందికి పోతాయి. ఇది కొండమీది ఇల్లు, ఇంట్లోకి రావనుకుంటున్నాను. ఒకవేళ వస్తుంటే ముందు నీకే చెప్తాను. అప్పుడు అందరం కలిసి ఎక్కుదాం."

అది ఆలోచించింది. అరమీంచి కాలు దించింది. చొక్కా వదిలి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. వాడి చెవిలో, వానమోతకి వినపడేలా గట్టిగా, "వాన. మళ్ళీ ఉరుముద్ది. నానున్నాను, అత్త ఉంది," అని చెప్పింది. మళ్ళీ ఉరిమింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఉన్నచోటే ఉలిక్కిపడ్డారు.

కాసేపటికి డాక్టరమ్మ గోడలోంచి పిలిచింది. కింద ఆసుపత్రిలో కూచుని దీపాలన్నీ చూస్తూనే ఉందట. అన్నీ ఎర్రగా ఉన్నాయి కదమ్మా అన్నాను, గుండె చేత్తో పట్టుకుని. వానకి భయపడటం జబ్బు కాదు దాలమ్మగారూ, ఎవరూ ఎవర్నీ ఈడవలేదు కదా, అది చాలు అంది. దూరపు గట్టు ప్రయాణం ఆగిపోయింది. అక్కాతమ్ముళ్ళు ఇక్కడే ఉంటారు. గౌరీసు మావ అయితే రేపు చేపల పులుసు పెడతానని, ఎవరడ్డమొస్తారో చూస్తానని అంటున్నాడు. నేనైతే అడ్డం రాను.

ఇప్పుడు వాన సన్నబడింది. పిల్లలంతా నేలమీద ఒకరిమీద ఒకరు పడి నిద్రపోతున్నారు. నూకాలు బీరువాకి దూరంగా, తమ్ముడి వేళ్ళు గుప్పిట్లో పెట్టుకుని పడుకుంది. గోడమ్మ గొంతు తగ్గించి, వాన వెలిసేలా ఉందని, సాయంత్రం మళ్ళీ రావచ్చని చెప్పింది. నూకాలు నిద్రపోయిందనుకున్నాను. కళ్ళు తెరవకుండానే అంది.

"వస్తే సెప్పు."

చెప్తానంది గోడమ్మ.